'సవినయంగా' కొట్టేసిన మనిషి

సెక్రటరీ గారు పోయారన్న కబురు సోమవారం పొద్దున పదిన్నరకు వచ్చింది. పర్చూరులో మా చిన్న జిన్నింగ్ మిల్లుల సంఘం ఆఫీసులో అప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను. ఆయన మిల్లు గుమాస్తా ఫోన్ చేసి, "అమ్మా, అయ్యగారు ఇక లేరమ్మా. జిన్నుల కాడ నిలబడి మాట్లాడతా మాట్లాడతా కూలబడిపోయారు. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది" అన్నాడు. నా ఎదుట కంప్యూటర్‌లో ఢిల్లీకి పంపాల్సిన ఉత్తరం సగంలో ఉంది. దానికింద సంతకం పెట్టాల్సింది ఆయనే.

నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఉన్నమాట చెబుతున్నాను, దాచుకోవడం దేనికి? నెల రోజులుగా గుండెల్లో బరువుగా ఉందంటూనే ఉన్నారు. గుంటూరు వెళ్ళి చూపించుకోండి సార్ అని చెవినిల్లు కట్టుకుని పోరాను. "ఢిల్లీ విచారణ కానీయమ్మా, తర్వాత చూపించుకుందాం" అనేవారు. ఆ విచారణకు ఇంకా పదహారు రోజులుంది. ఇంత మొండితనం చేసి, తీరా ఆ రోజుకి మాకు లేకుండా పోయారు. ఆయన మీద ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

ఆ విచారణ సంగతేమిటో చెబితేగాని ఈ మనిషి సంగతి మీకు అర్థం కాదు. జిన్నింగ్ మిల్లంటే రైతు తెచ్చిన పత్తిలోంచి గింజ వేరు చేసి, దూదిని బేళ్ళుగా నొక్కే చోటు. ఇకమీదట ప్రతి బేలునూ పరీక్ష చేసి, నాణ్యత ముద్ర వేసిగాని బయటికి పంపకూడదని కేంద్రం ఒక నిబంధన రాసింది. పరీక్షకు మిల్లులోనే ఒక గది కట్టాలి, యంత్రాలు కొనాలి, చదువుకున్న మనిషిని పెట్టాలి. తేడా వస్తే మిల్లు యజమాని మీద కేసు. వినడానికి బాగానే ఉంటుంది. పెద్ద మిల్లులకు అదొక లెక్క కాదు. రేకుల షెడ్డు కింద గింజ తీసే జిన్నులు పది పన్నెండు తిప్పుకునే మా వాళ్ళకు మాత్రం గేటుకి తాళం వేసుకోమని చెప్పడమే. పర్చూరు నుంచి అద్దంకి దాకా అలాంటివి పద్దెనిమిది మిల్లులు మా సంఘంలో ఉన్నాయి. వాటిలో పనిచేసేది ఎక్కువమంది ఆడవాళ్ళు. ఆ పద్దెనిమిదీ తిరగాలన్నదొక్కటే ఆయన పంతం.

నేను సంఘంలో టైపు పనికి చేరి పదకొండేళ్ళయింది. మా నాన్న చర్చి బళ్ళో పంతులు, అందువల్ల అర్జీలు ఎలా రాయాలో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసనుకునేదాన్ని. మొదటి రోజే సెక్రటరీ గారు ఒక వినతిపత్రం తయారుచేయమన్నారు. నాకు తెలిసిన మర్యాదంతా అందులో కుమ్మరించాను. 'మహారాజశ్రీ', 'సవినయంగా విన్నవించుకోవడమేమనగా', 'తమ పాదపద్మములకు' అని మూడు పేజీలు అచ్చుతీసి గర్వంగా చేతికిచ్చాను. ఆయన జేబులోంచి ఎర్ర కలం తీసి, నిలబడే, ఒక్కో మర్యాదా కొట్టేసుకుంటూ పోయారు. 'సవినయంగా' దగ్గర కలం రెండుసార్లు ఆడింది. చివరికి ఐదారు వాక్యాలు మిగిలాయి.

"ఇవి చాలమ్మా. మనం అడుక్కోవట్లా, చెబుతున్నాం" అన్నారు.

"మర్యాదగా ఉండొద్దా సార్?" అన్నాను, మొహం మాడ్చుకుని.

"గారు అని పెట్టు, అండి అని పెట్టు, అది మర్యాద. కాళ్ళ మీద పడటం మర్యాదని నీకెవరు చెప్పారు?"

ఆ తర్వాత ఆయన చేసిన పని చూసి ఈ మనిషికి కొంచెం తిక్క ఉందనుకున్నాను. ఆ కాగితం పట్టుకుని నన్ను వెంటబెట్టుకుని తన మిల్లులోకి నడిచారు. అక్కడ జిన్ను ముందు కూర్చుని పత్తి అందిస్తున్న సువార్తమ్మ అనే ఆమెను పిలిచి, అర్జీ అంతా పైకి చదివి వినిపించారు. ఆమె పని ఆపకుండానే విని, మొహమాటం లేకుండా చెప్పింది. "మూడో ముక్క నాకర్థం కాలేదయ్యా. రోజూ ఈడ కూచునేదాన్ని, నాకే తెలవకపోతే ఢిల్లీలో ఉన్నాయనకేం తెలిసిద్ది?"

ఆఫీసుకి తిరిగొచ్చి ఆ మూడో ముక్క మళ్ళీ రాశాం. పదకొండేళ్ళలో మా సంఘం నుంచి సువార్తమ్మ వినకుండా ఢిల్లీకి వెళ్ళిన కాగితం ఒక్కటి కూడా లేదు. ఆయన పెట్టిన ఇంకో నియమం, ఏ అర్జీ అయినా ఒక్క పేజీ దాటకూడదు. "ఒక పేజీలో చెప్పలేకపోయామంటే అది మనకే సరిగా తెలవదన్నమాట" అనేవారు. పేజీ దాటిందని నా చేత ఒకే ఉత్తరాన్ని తొమ్మిదిసార్లు తిరగరాయించిన రోజు మా ఇంట్లో ఆయన్ని తిట్టని తిట్టు లేదు.

చూడటానికి ఆయనలో ఏ ప్రత్యేకతా ఉండేది కాదు. పొట్టిగా, కాస్త ముందుకు వంగి నడిచేవారు. కనుబొమల మీద ఎప్పుడూ నాలుగు దూది పోగులుండేవి. సగం గ్లాసు టీ తాగి, మిగతా సగం చల్లారాక గుర్తొచ్చి గటగటా తాగేవారు. నన్ను పేరుపెట్టి పిలిచింది తక్కువ, 'ఏమ్మా కంప్యూటరమ్మా' అనే పిలుపే ఎక్కువ. ఏటా అధ్యక్షులు మారేవారు, ఆయన మాత్రం మారలేదు. ఆ పనికి ఇంకెవరూ ముందుకి రాలేదన్నది కూడా నిజమే.

శాలువాల విషయంలో ఆయనకూ మిగతా సభ్యులకూ ఎప్పుడూ రగడే. ఎంపీ గారొచ్చినా, ఏ శాఖ అధికారి వచ్చినా ముందుగా శాలువా కప్పి, బొకే ఇచ్చి, ఫొటో దిగడం మా వాళ్ళ అలవాటు. ఆ హడావుడిలో అసలు చెప్పాల్సింది చెప్పేలోపు వచ్చినాయన కారెక్కేసేవాడు. ఒకసారి బీరువా తెరిచి చూస్తే ఎప్పటికైనా పనికొస్తాయని కొనిపెట్టిన శాలువాలు ఒక అర నిండా ఉన్నాయి. సెక్రటరీ గారు అవన్నీ మూటకట్టి చలికాలంలో రాత్రి కాపలా ఉండే వాచ్‌మన్లకు పంచేశారు. అప్పటి అధ్యక్షుడు గారు లబోదిబోమంటే, "మంత్రి గారికి శాలువా కప్పితే ఆయన చలి తగ్గుద్దండీ, మనది తగ్గదు" అన్నారు. అధ్యక్షుడు గారు ఆయనతో వారం రోజులు మాట్లాడలేదు.

ఇంత తెలిసిన మనిషి కూడా ఒకసారి ఘోరంగా తప్పు చేశారు. ఆయన ఒక్కరే కాదు, మేమంతా కలిసి చేశాం. మా ప్రాంతం వాళ్ళు తప్ప ఇంకెవరూ చేయని తప్పు అది.

నాణ్యత ముద్ర వద్దని మేం రాసిన ఒక్క పేజీకి కదలిక వచ్చింది. చిన్న మిల్లుల ఇబ్బందులు కళ్ళారా చూస్తామని ఢిల్లీ నుంచి ముగ్గురు అధికారుల బృందం వస్తుందని ఉత్తరం అందింది. ఇంటికి చుట్టాలొస్తున్నారంటే ఏం చేస్తాం? అదే చేశాం. మిల్లులకు సున్నాలు వేయించాం. విరిగిన రేకులు మార్పించాం. ఆడవాళ్ళందరికీ తలకు కట్టుకోవడానికి కొత్త గుడ్డలిచ్చాం. అన్నిటికంటే ముఖ్యం, ఆ రోజు జిన్నుల్లోకి తొలి తీత పత్తి, అంటే చేలో మొదటిసారి ఏరిన మేలు సరుకు మాత్రమే పోయించాం. తెల్లగా మల్లెపూలలా మెరిసిపోయింది. మధ్యాహ్నం నాటుకోడి, గోంగూర, గారెలు. అధికారులు రెండోసారి అడిగి మరీ వడ్డించుకున్నారు. మా వాళ్ళంతా మీసాలు దువ్వుకున్నారు. సెక్రటరీ గారు కూడా తన మిల్లు గోడకు పసుపు రంగు వేయించి, అధికారుల చేతిలో దూది పెట్టి "చూడండి ఎట్టా ఉందో!" అని మురిసిపోవడం నా కళ్ళతో చూశాను.

రెండు నెలల తర్వాత నివేదిక వచ్చింది. ఈ మిల్లులు చక్కటి స్థితిలో ఉన్నాయనీ, సరుకు మేలైనదనీ, నిబంధన పాటించడానికి వీటికి ఏ ఇబ్బందీ లేదనీ అందులో రాశారు. నేనే చదివి వినిపించాను. సెక్రటరీ గారు ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టారు. అది సంతోషంతో నవ్విన నవ్వు కాదు.

"పెళ్ళిచూపులకు పిల్లని ముస్తాబు చేసినట్టు చేశాం కదమ్మా! కష్టం చూడటానికి వస్తే కోడికూర చూపించి పంపాం" అన్నారు. ఆ మాటతో ఆ రోజు ఇంటికి వెళ్ళిపోయారు. మర్నాడు రాలేదు. మూడో రోజు వచ్చి, ఆ నివేదిక మీద ఢిల్లీలో పెట్టిన మొదటి విచారణకు టికెట్లు తీయమన్నారు, ఆయనకొకటి, నాకొకటి. హిందీ పరీక్షలు రాసినదాన్ని కాబట్టి ఆయన మాట అక్కడ చెప్పాల్సింది నేనే.

ఆ విచారణ హాలు నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. పెద్ద మిల్లుల తరఫున వచ్చిన ఒక పెద్దమనిషి తెర మీద రంగురంగుల బొమ్మలు వేసి అరగంట మాట్లాడారు. నిబంధన చాలా మంచిదనీ, కాస్త గడువిస్తే అందరూ పాటిస్తారనీ చెప్పారు. మాకు మూడు నిమిషాలిచ్చారు. సెక్రటరీ గారు లేచి, చేతిసంచీలోంచి ఒక పొట్లం తీసి బల్ల మీద విప్పారు. ఆఖరి తీత పత్తి. మచ్చలు పడి, ఎండాకు తునకలు అంటుకుని, వానకు తడిసి పసుపెక్కిన పత్తి. ఆ నున్నటి బల్ల మీద అది పడగానే ఇద్దరు ముగ్గురు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు.

"మాకొచ్చే పత్తిలో ఇది కూడా ఉంటదండీ. ఆ రోజు మీకు చూపించకుండా దాచిపెట్టాం. మేం మీకు అబద్ధం చూపించాం" అన్నారు తెలుగులో.

నేను భయపడి, మా వల్ల చిన్న పొరపాటు జరిగిందని హిందీలో చెప్పాను. ఆయనకు హిందీ రాదనుకున్నాను. అంత అమాయకుడు కాదని అప్పుడే తెలిసింది. నా వైపు తిరిగి, "పొరపాటనలా నేను, అబద్ధమన్నా. అన్నది అన్నట్టు చెప్పమ్మా" అన్నారు అందరి ముందూ. నా చెవులు ఎర్రబడ్డాయి. అన్నది అన్నట్టే చెప్పాను.

మరి ఎందుకు దాచారని మధ్యలో కూర్చున్న అధికారి అడిగారు. "ఇంటికొచ్చినోళ్ళకి మా వైపు చెడ్డ సరుకు చూపించరండీ, సిగ్గు. ఆ సిగ్గు వదిలేసి వచ్చా ఇయ్యాళ. పత్తిని మేం తయారుచేయం. చేను ఇస్తది, వాన చెడగొడతది. మేం గింజ తీస్తాం, అంతే. గింజ తీసేవాణ్ణి పట్టుకుని దూదెందుకు బాగోలేదని కేసు పెడితే, వానమీద ఎవరు పెడతారండీ కేసు?"

ఎవరూ నవ్వలేదు. ఆ అధికారి బల్ల మీది పత్తిని వేళ్ళతో విడదీసి చూసి, ఏదో రాసుకున్నారు. మూడు నిమిషాలు ఎప్పుడో దాటిపోయినా ఎవరూ ఆపలేదు. నెల తిరక్కుండా నిబంధన అమలు ఏడాది వాయిదా పడింది. మళ్ళీ బృందం వచ్చింది. ఈసారి సున్నం లేదు, కోడీ లేదు. మళ్ళీ కారడం మొదలైన రేకుల కింద, ఏ పత్తి వస్తే ఆ పత్తి తిరుగుతుంటే చూసి, మజ్జిగ తాగి వెళ్ళారు. ఇంకో వాయిదా వచ్చింది. రద్దు మాత్రం కాలేదు. ఆయన పోయేనాటికి పదహారు రోజులున్న విచారణ ఆ గడువు మీదిదే. వాయిదా అంటే గెలుపు కాదనీ, గెలిచామని పేపర్లో ఫొటోలు వేయించుకున్నవాడి కాళ్ళు విరగ్గొడతాననీ ఆయన అందరికీ చెప్పారు.

ఆయన్ని దేవుణ్ణి చేయడానికి నేనిది రాయడం లేదు. కోపమొస్తే చేతిలో ఉన్న కాగితాలు విసిరేసేవారు. నా తప్పులు పదిమందిలో చెప్పేవారు, తన తప్పులు చెవిలో చెప్పేవారు. ఢిల్లీలో ఒక్కసారే దానికి విరుద్ధంగా చేశారు. ఒకసారి అర్జీ చదివి వినిపిస్తుంటే సువార్తమ్మ అడ్డుపడి, "మిల్లులు పోతే మా పనులు పోతాయని రాశారు, బానే ఉంది. మిల్లులుంటే మాకేమొస్తదో కూడా రాయండయ్యా. ఈ దుమ్ముకి మా ఊపిరితిత్తులు పోతన్నాయి, అదేదీ ఇందులో?" అని అడిగింది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశారు. రెండు రోజులు నా మీద ఊరికే కసిరారు. తర్వాత దుమ్ము లాగే యంత్రాలు కొనడానికి చిన్న మిల్లులకూ సాయం చేయాలన్న వాక్యం ఒకటి చేర్చమన్నారు. తోటి యజమానులు అది అనవసరమని కొట్టేయించారు. ఆయన మళ్ళీ పెట్టించారు. ఒక్క పేజీలో దానికి చోటు చేయడానికి తనకెంతో ఇష్టమైన వాక్యాన్ని తీసేశారు. సువార్తమ్మ అడిగేదాకా ఆ సంగతి తట్టనందుకు ఆయన సిగ్గుపడ్డారని నాకు తెలుసు. ఆ మాట పైకి మాత్రం అనలేదు.

మంగళవారం అంత్యక్రియలు. పొద్దున్నే ఆయన ఇంటి ముందు షామియానా కింద మిల్లుల వాళ్ళంతా చేరారు. ఢిల్లీలో బొమ్మలు వేసి చూపించిన ఆ పెద్దమనిషి కూడా కారులో వచ్చి, దండ వేసి, దణ్ణం పెట్టారు. ఆ తర్వాత మా అధ్యక్షుడు గారిని పక్కకు పిలిచి, మడత విప్పిన కాగితం ఒకటి చూపించడం మొదలుపెట్టారు. దగ్గరే ఉన్నాను కాబట్టి విన్నాను. పెద్దలూ చిన్నలూ కలిసి నిబంధనను స్వాగతిస్తున్నామనీ, మూడేళ్ళ గడువు చాలనీ ఉమ్మడి ఉత్తరం. "ఆయనతో అయ్యేది కాదు, మీరు అర్థం చేసుకుంటారు. మీ సంతకం పడితే విచారణకు మీరు రావాల్సిన పనే ఉండదు" అంటున్నారు. మా అధ్యక్షుడు గారు మెత్తటి మనిషి. కాదనలేక, అవుననలేక, కండువా అంచు నలుపుకుంటూ నిలబడ్డారు. నాకు ఒళ్ళు మండిపోయింది. చావింట్లో గొడవెందుకని పళ్ళబిగువున ఊరుకున్నాను.

అప్పుడే మిల్లు గుమాస్తా వచ్చి, సంఘంలో పెద్దలెవరైనా పోతే మిల్లులన్నీ ఒకరోజు మూయడం ఆనవాయితీ కాబట్టి నోటీసు పంపమంటారా అని అమ్మగారిని అడిగాడు. సెక్రటరీ గారి భార్య అంతవరకూ గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఆ మాటకు తలెత్తారు.

"మిల్లులు ఎప్పుడు మూతపడతాయా అని అంతమంది కాసుక్కూచుంటే, మన చేత్తో మనమే మూస్తామా? ఒక్కరోజు కూడా వద్దు. తిప్పమనండి, పద్దెనిమిదీ తిప్పమనండి" అన్నారు. ఆ తర్వాత ఆ పెద్దమనిషి వైపు చూసి, "అన్నయ్య గారూ, ఆ కాయితం జేబులో పెట్టుకోండి. ఇక్కడ సంతకాలు పెట్టేవాళ్ళు లేరు" అన్నారు. గొంతు పెద్దది చేయలేదు. షామియానా కింద అందరికీ వినబడింది. అధ్యక్షుడు గారు కండువా భుజాన వేసుకుని, ఫోను తీసి, ఒక్కో మిల్లుకీ ఆయనే స్వయంగా చెప్పడం మొదలుపెట్టారు. ఆయన గొంతు అంత గట్టిగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

ఇది మీరు చదివే సరికి మేం ఢిల్లీ రైల్లో ఉంటాం. అధ్యక్షుడు గారు, నేను, సువార్తమ్మ. ఉత్తరం పూర్తయింది. ఒక్క పేజీయే. సంతకం పెట్టాల్సిన చోట సువార్తమ్మ వేలిముద్ర కూడా వేయించాం, అలా వేయకూడదని ఎక్కడా రాసిలేదు. తోసేస్తే మళ్ళీ రాస్తాం. మళ్ళీ తోసేస్తే మళ్ళీ వెళ్తాం. మాకు ఆ పని నేర్పి పోయారు, ఇక వద్దన్నా మానం.

ఆ మంగళవారం ఆయన్ని అద్దంకి రోడ్డు మీదుగా తీసుకెళ్ళారు. డప్పులు వద్దన్నారు అమ్మగారు. పెట్టినా వినిపించేవి కావు. రోడ్డుకి రెండు వైపులా మా ఊరి మిల్లులన్నీ తిరుగుతున్నాయి. ఆ హోరుకి కాళ్ళ కింద నేల అదురుతోంది. గేట్ల దగ్గర ఒక్కో ఆడమనిషి వచ్చి నిలబడి, మూతికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి దణ్ణం పెట్టి, లోపలికి పరిగెత్తింది. ఎక్కువసేపు నిలబడటానికి వీల్లేదు, జిన్నుకి పత్తి అందించే చెయ్యి కావాలి. ఆఖరున వచ్చింది ఆయన మిల్లు. పాడె మోసేవాళ్ళు అక్కడ ఒక్క క్షణం ఆగారు. పెద్ద తలుపు బార్లా తీసి ఉంది. లోపల దూది ధూళిలో సువార్తమ్మ తన చోటులోనే కూర్చుని ఉంది. తలెత్తి చూసింది. కళ్ళ నీళ్ళు చెంపల మీది దూదిని తడిపి కిందికి జారుతున్నాయి. ఆమె చేతులు మాత్రం ఆగలేదు.